బెజవాడ నుంచి ఢిల్లీకి: నాలుగు రోజుల్లో రాజధానిని తీరుగా చూసే దారి

మా వీధిలో ఎవరు ఢిల్లీ ప్రయాణం పెట్టుకున్నా బయలుదేరే ముందురోజు సాయంత్రం మా ఇంటికి వస్తారు. "అన్నయ్యగారూ, అక్కడ ఏవేవి చూడాలో ఒక కాగితం మీద రాసివ్వండి" అంటారు. ముందురోజు అడిగితే నేను చెప్పగలిగేది సగమే. ఢిల్లీ యాత్ర బాగా సాగుతుందా లేదా అన్నది టికెట్టు తీసుకున్న నాడే సగం తేలిపోతుంది.

ఈ సంగతి నాకు నష్టపోయాక తెలిసింది. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని నేను మొదటిసారి ఢిల్లీలో దిగింది సోమవారం పొద్దున. ఎర్రకోటకు వెళ్తే మూసి ఉంది. అక్కడి నుంచి నేషనల్ మ్యూజియానికి వెళ్తే దానికీ సెలవే. మిగిలిన ఒక్క రోజులో అన్నీ చూసేయాలని టూరు బస్సు ఎక్కాం. పది చోట్ల ఆపారు. దిగి, ఫొటో తీసుకుని, మంచినీళ్ళు తాగేలోపే హారన్ మోగేది. ఇంటికి వచ్చిన వారానికి నాన్నగారు, "కుతుబ్ మినార్ ఎర్రకోట లోపల ఉందా, బయట ఉందా?" అని అడిగారు. ఆ ప్రశ్న విన్నాక నాకు నిద్ర పట్టలేదు. డెబ్భై ఏళ్ళ మనిషిని అంత దూరం తీసుకువెళ్ళి నేను చూపించింది ఏమీ లేదు.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను. బంధువులతో వెళ్ళాను, ఒంటరిగానూ వెళ్ళాను. ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఒకటే: రోజుకు ఒక దిక్కు, ఆ దిక్కులో రెండు చోట్లు. అంతకు మించి పెట్టుకుంటే ఏదీ మనసులో నిలవదు. మరో మాట. కృష్ణా తీరం వాళ్ళకు ఢిల్లీ పరాయి ఊరు కాదు. ఆ కోటల్లో, మ్యూజియంలో మన నేల నుంచి వెళ్ళినవి ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ తిరిగితే చూసిన ప్రతి చోటూ గుర్తుండిపోతుంది.

ముందు వారం చూసుకోండి, తర్వాతే తేదీ

ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, గాంధీ స్మృతి, ప్రధానమంత్రుల సంగ్రహాలయం, రాష్ట్రపతి భవన్ సందర్శన, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ అన్నింటికీ సోమవారం సెలవు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, పురానా ఖిలా, ఇండియా గేట్, నేషనల్ వార్ మెమోరియల్ సోమవారం కూడా తెరిచే ఉంటాయి. తప్పనిసరిగా సోమవారం అక్కడ ఉండవలసి వస్తే ఈ రెండో వరుసలోవి ఆ రోజుకు పెట్టుకోండి. శుక్రవారం మధ్యాహ్నం జామా మసీదులో సామూహిక ప్రార్థన జరుగుతుంది కాబట్టి పాత ఢిల్లీ ఆ రోజు వద్దు. రాష్ట్రపతి భవన్ ముంగిట గార్డుల మార్పిడి సాధారణంగా శనివారం జరుగుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే ఒక లెక్క తేలుతుంది. మంగళవారం తెల్లవారుజామున బెజవాడలో రైలెక్కితే బుధవారం ఉదయం ఢిల్లీ. బుధ, గురు, శుక్ర, శని వారాలు నాలుగూ చూడటానికి. ఆదివారం తిరుగు ప్రయాణం. సోమవారం బాధ ఉండదు, శుక్రవారం ఇబ్బంది ఉండదు, శనివారం గార్డుల మార్పిడీ దక్కుతుంది.

నెల విషయానికి వస్తే, ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి చివరి దాకా అన్నింటికన్నా మంచి కాలం. రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్‌ను కూడా ఆ రోజుల్లోనే కొన్ని వారాలు ప్రజలకు తెరుస్తారు. డిసెంబరు, జనవరి మన పిల్లల సెలవులకు అనువైనవే అయినా పొగమంచు వల్ల ఉత్తరాది రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. పైగా బెజవాడ ఇళ్ళలో ఉండే ఒకటి రెండు స్వెట్టర్లు అక్కడి చలికి ఆగవు. మే, జూన్ నెలల ఎండ గురించి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ మన ఎండలో చెమట పడుతుంది, దాహం తెలుస్తుంది. అక్కడిది పొడి ఎండ. వడదెబ్బ తగిలేదాకా తెలియదు. జనవరి 26కు ముందు రిహార్సల్స్ కోసం కర్తవ్య పథ్ చుట్టుపక్కల దారులు మూస్తుంటారు. ఆగస్టు 15కు ముందు కొన్ని రోజులు ఎర్రకోటలోకి సందర్శకులను రానివ్వరు. ఈ రెండు పండుగల ముందు వారాలు వదిలేయండి.

రైలు, బస

బెజవాడ నుంచి న్యూఢిల్లీ సుమారు 1,750 కిలోమీటర్లు. చెన్నై నుంచి వచ్చే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ మనకు అనువైన రైలు. తెల్లవారుజామున ఎక్కితే మర్నాడు పొద్దునకు చేరుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ కూడా ఉన్నాయి. చెన్నై రాజధాని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది న్యూఢిల్లీకి కాక హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌కు వెళ్తుందని గుర్తుంచుకోండి. గుంటూరు వాళ్ళు బెజవాడ వచ్చి ఎక్కడమే మేలు. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సెలవుల కాలంలో ఆ మొదటి ఉదయమే తీసుకోవాలి. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు రెండు టికెట్లూ దొరికాకే మిగతా పనులు మొదలుపెట్టండి. పెద్దవాళ్ళకు రైలు కష్టమనుకుంటే గన్నవరం నుంచి నేరుగా విమానాలు ఉన్నాయి. దాదాపు రెండున్నర గంటల ప్రయాణం.

బస ఎక్కడైనా సరే, మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండాలి. నా మాటగా కరోల్ బాగ్ చూడండి. న్యూఢిల్లీ స్టేషన్ పక్కనే ఉన్న పహాడ్‌గంజ్‌లో గదులు చవకగా దొరుకుతాయి. అయితే కుటుంబంతో వెళ్ళేవాళ్ళు గది చూసుకోకుండా ముందే డబ్బు కట్టవద్దు.

స్టేషన్‌లో దిగగానే ఒక జాగ్రత్త. "మీ హోటల్ మూతపడింది", "ఈ రోజు మెట్రో నడవడం లేదు", "ముందు టూరిస్టు ఆఫీసుకు రండి" అంటూ మర్యాదగా మాట్లాడేవాళ్ళు ఎదురవుతారు. ఆగకండి, జవాబు చెప్పకండి. సామాను పట్టుకుని అజ్మేరీ గేట్ వైపు నడిస్తే మెట్రో స్టేషన్ ఉంటుంది.

ఇంటి దగ్గరే తీర్చుకోవలసిన పనులు

రాష్ట్రపతి భవన్ చూడాలంటే దాని అధికారిక వెబ్‌సైట్‌లో ముందే సమయం బుక్ చేసుకోవాలి. రైలు టికెట్టు తర్వాత చేయవలసిన పని ఇదే. ప్రధాన భవనం, మ్యూజియం, గార్డుల మార్పిడి వేటికవే బుక్ చేసుకోవాలి. ఏ పేరుతో బుక్ చేశారో ఆ గుర్తింపు కార్డు అసలుదే పట్టుకెళ్ళండి. పార్లమెంటు గ్యాలరీ నుంచి సమావేశాలు చూడాలనే కోరిక ఉంటే సమావేశాల రోజుల్లోనే వెళ్ళాలి. పాసు కోసం మీ ఎంపీ కార్యాలయంలో చాలా ముందుగా అడగాలి.

పురావస్తు శాఖ కట్టడాలకు టికెట్టు ఆన్‌లైన్‌లో తీసుకుంటే కొద్దిగా తగ్గుతుంది. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధులకు మనదేశస్థులకు నగదుగా 40 రూపాయలు, ఆన్‌లైన్‌లో 35. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు లేదు. తగ్గే ఐదు రూపాయలు కాదు ముఖ్యం, వరుసలో నిలబడే అరగంట మిగులుతుంది.

మెట్రోకు ఒక్కొక్కరికి ఒక స్మార్ట్ కార్డు తీసుకోండి. చార్జీలు 11 రూపాయల నుంచి 64 రూపాయల వరకు ఉంటాయి. నడిచే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్ళకే. కుటుంబంగా వెళ్ళేటప్పుడు తెలియక మగవాళ్ళు అందులో ఎక్కి ఇబ్బంది పడుతుంటారు. విడివిడిగా ఎక్కితే ఎక్కడ దిగాలో ముందే చెప్పుకోండి. మన యాత్రకు ముఖ్యంగా రెండు లైన్లు తెలియాలి. పసుపు లైను చాందినీ చౌక్, న్యూఢిల్లీ, రాజీవ్ చౌక్, సెంట్రల్ సెక్రటేరియట్, కుతుబ్ మినార్ మీదుగా పోతుంది. వయొలెట్ లైను లాల్ ఖిలా, జామా మసీదు, ఢిల్లీ గేట్ మీదుగా పోతుంది. ఆటో ఎక్కితే "మీటర్ సే చలేంగే?" అని ముందే అడగండి. ఒప్పుకోకపోతే ఫోనులోని యాప్‌లో బండి పిలుచుకోండి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఒక చిన్న చిట్కా. చెప్పులు కాదు, బూట్లు వేయించండి. రెండు జతల మేజోళ్ళు చేతి సంచిలో పెట్టండి. మసీదులో, గురుద్వారాలో బూట్లు విప్పాలి. ఎండకు కాలిన రాతి మీద వట్టి కాళ్ళతో నడవలేరు.

మొదటి రోజు, బుధవారం: గాంధీ స్మృతి, వార్ మెమోరియల్

పొద్దున దిగాక స్నానం, భోజనం, రెండు గంటల నిద్ర. ఈ నిద్రను ఎవరూ కాదనకండి. మూడింటికి బయలుదేరి తీస్ జనవరి మార్గ్‌లోని గాంధీ స్మృతికి వెళ్ళండి. లోక్ కల్యాణ్ మార్గ్ మెట్రో స్టేషన్ దగ్గర. ప్రవేశం ఉచితం. ప్రయాణ బడలికతో ఉన్నవాళ్ళకు ఎక్కడం దిగడం లేని చోటు ఇది. నేను మొదట అందుకే ఎంచుకున్నాను. ఇప్పుడైతే ఢిల్లీని ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నమ్ముతున్నాను.

గాంధీజీ ఆఖరి రోజులు గడిపిన బిర్లా భవనం ఇది. 1948 జనవరి 30 సాయంత్రం ఆయన గదిలో నుంచి ప్రార్థన స్థలానికి నడిచిన దారి వెంట అడుగుల గుర్తులు అచ్చుపోసి ఉంచారు. ఒక అడుగు, దాని ముందు ఒక అడుగు, మధ్యలో ముసలి మనిషి వేసేంత ఎడం. అవి గడ్డి పక్కగా సాగి ఒకచోట ఆగిపోతాయి. నేను వెళ్ళినప్పుడు మా మేనకోడలు ఆ అడుగుల పక్కనే తన అడుగులు వేస్తూ నడిచింది. ఆగిపోయిన చోట వెనక్కి తిరిగి, "మామయ్యా, తర్వాతవి ఏవి?" అని అడిగింది. పిల్లలకు అంతకన్నా పాఠం అక్కరలేదు. మాట్లాడకుండా కాసేపు అక్కడే కూర్చోండి.

ఐదు గంటలకు ఆటోలో ఇండియా గేట్‌కు. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆ తర్వాతి అఫ్ఘాన్ యుద్ధంలో మరణించిన భారతీయ సైనికుల కోసం కట్టిన 42 మీటర్ల తోరణం. 1921లో పునాది వేశారు, 1931లో ప్రారంభించారు. ఎడ్విన్ లట్యెన్స్ రూపకల్పన. గోడల మీద చెక్కిన పేర్లు దూరం నుంచి గీతల్లా కనిపిస్తాయి. వీలైనంత దగ్గరికి వెళ్ళి చదవండి. ఆ యుద్ధానికి మన వైపు నుంచీ వెళ్ళారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరం అనే పేరు ఊరికే రాలేదు. తోరణం వెనుక ఛత్రం కింద నేతాజీ విగ్రహం ఉంది. 2022లో ఆవిష్కరించిన 28 అడుగుల ఆ నల్లరాతి విగ్రహానికి ఏకశిల మన ఖమ్మం నుంచే వెళ్ళింది.

పక్కనే నేషనల్ వార్ మెమోరియల్. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చిన సైనికుల స్మారకం. ఒకదాని లోపల ఒకటిగా నాలుగు వలయాలు. అన్నింటికన్నా లోపలిది అమర చక్రం, ఆ తర్వాత వీరతా చక్రం, త్యాగ చక్రం, బయటి చెట్ల వరుస రక్షక చక్రం. ఇండియా గేట్ కింద 1972 నుంచి వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరిలో ఇక్కడి జ్యోతిలో కలిపారు. త్యాగ చక్రంలో ఒక్కో సైనికుడికి ఒక్కో గ్రానైట్ పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో పేరు. ఇరవై అయిదు వేలకు పైగా పలకలు. పడమటి పొద్దు వాటి మీద పడేవేళకు లోపల ఉండేలా చూసుకోండి. తెలుగు ఇంటిపేరు కనబడితే ఆగి చదవండి, పిల్లల చేత పైకి చదివించండి.

రాత్రి భోజనానికి దూరం వెళ్ళనక్కరలేదు. ఇండియా గేట్ దగ్గరలోనే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. పప్పు, పచ్చడి, పొడి, నెయ్యి అన్నీ ఉన్న అన్నం. ఢిల్లీవాళ్ళే వరుస కట్టి తింటారు. మధ్యాహ్నం వేళ, అందులోనూ ఆదివారం, రద్దీ మరీ ఎక్కువ.

రెండో రోజు, గురువారం: పాత ఢిల్లీ

పొద్దున తొమ్మిదిన్నరకల్లా లాల్ ఖిలా మెట్రో స్టేషన్‌లో దిగండి. ఎర్రకోటకు కనీసం మూడు గంటలు కేటాయించాలి. షాజహాన్ 1639లో పునాది వేయించి 1648లో పూర్తి చేయించిన కోట. లాహోరీ దర్వాజా గుండా లోపలికి వెళ్తే కప్పు ఉన్న బజారు వస్తుంది. అది ఛత్తా చౌక్. అక్కడ బొమ్మల దుకాణాల దగ్గర కాలం పోనివ్వకండి. నౌబత్ ఖానా దాటి దీవాన్ ఎ ఆమ్, దాని వెనుక తూర్పు అంచున వరుసగా పాలరాతి మహళ్ళు.

అందులో దీవాన్ ఎ ఖాస్ ముందు మన తెలుగువాళ్ళు పని పెట్టుకుని నిలబడాలి. నెమలి సింహాసనం ఇక్కడ ఉండేది. నాదిర్ షా 1739లో ఢిల్లీని దోచుకుని దాన్ని పట్టుకుపోయాడు. ఆ సింహాసనంలో పొదిగిన కోహినూరు వజ్రం మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని ప్రసిద్ధి. ఆ కొల్లూరు గుంటూరు సీమదే. ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ పాలైంది. లోపలికి అడుగుపెట్టనివ్వరు కాబట్టి బయటి నుంచే స్తంభాల మీది పూల లతలను జాగ్రత్తగా చూడండి. పాలరాతిలో పూరేకు ఆకారంలో తవ్వి రంగు రాళ్ళు పొదిగిన పని. కొన్ని రేకుల్లో రాయి ఉంటుంది. కొన్నింటిలో వేలిగోరంత ఖాళీ గుంట మాత్రమే ఉంటుంది. ఎవరో కత్తిమొనతో పెకలించుకుపోయిన గుర్తు అది. కోట దోపిడీ గురించి ఎన్ని పేజీలు చదివినా ఆ ఖాళీ గుంట చెప్పినంత చెప్పవు.

మహళ్ళు చూశాక వెళ్ళిపోవద్దు. బ్రిటిష్ వాళ్ళు కట్టిన బారకాసుల్లో మ్యూజియంలు ఉన్నాయి. నేతాజీ, ఆజాద్ హింద్ ఫౌజ్ మ్యూజియం 2019లో తెరిచారు. ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల మీద 1945లో విచారణ మొదలైంది ఈ కోటలోనే. వాళ్ళ పక్షాన నిలబడటానికి నెహ్రూ మళ్ళీ లాయరు గౌను వేసుకున్నారు. అంతకుముందు 1858లో చివరి మొగలు పాదుషా బహదూర్ షా జఫర్‌ను విచారించిందీ ఈ కోటలోనే.

బయటికి వచ్చాక లాహోరీ దర్వాజా పైన ఎగిరే జెండాను తలెత్తి చూడండి. 1947 ఆగస్టు 16న నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగురవేశారు. ఆ జెండా కథకు మొదలు మన ఊరిదే. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించారు. ఇది అందరికీ తెలిసిన విషయమే అనిపిస్తుంది. కానీ కోట ముందు నిలబడి పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడండి.

కోట ఎదుట నుంచే చాందినీ చౌక్ మొదలవుతుంది. పగటిపూట ప్రధాన వీధిలో మోటారు వాహనాలు రానివ్వరు కాబట్టి నడవడం సులువు. ఎడమవైపున శీష్‌గంజ్ గురుద్వారా. 1675లో గురు తేగ్ బహదూర్ ప్రాణాలర్పించిన చోటు. తలకు గుడ్డ కట్టుకుని వెళ్ళాలి, అక్కడే ఇస్తారు. లంగరులో భోజనం ఉచితం. ఆకలిగా ఉంటే నేల మీద అందరితో కూర్చుని తినండి. హోటలు వెతుక్కునే పని ఉండదు.

అక్కడి నుంచి రిక్షాలో జామా మసీదు. 1656లో పూర్తయిన షాజహాన్ కట్టడం. ప్రార్థన వేళల్లో సందర్శకులను రానివ్వరు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉండాలి. ఓపికున్నవాళ్ళు టికెట్టు కొనుక్కుని దక్షిణపు మినారు ఎక్కితే పాత ఊరంతా కనబడుతుంది. మెట్లు ఇరుకు. పెద్దవాళ్ళు కింద నీడలో కూర్చోవచ్చు.

శక్తి మిగిలితే సాయంత్రం రాజ్‌ఘాట్. నల్లరాతి వేదిక, దాని మీద "హే రామ్". నిన్న గాంధీ స్మృతి చూసినవాళ్ళకు పావుగంట చాలు.

మూడో రోజు, శుక్రవారం: దక్షిణాన కుతుబ్, మధ్యాహ్నం హుమాయూన్

ఎండ ఎక్కకముందే, ఏడున్నర ఎనిమిదికల్లా కుతుబ్ మినార్ చేరుకోండి. మెట్రో స్టేషన్ పేరు కుతుబ్ మినార్ అయినా దిగగానే మినారు ఉండదు. ఆటో ఎక్కాలి.

అందరూ మినారును చూసి ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. 72.5 మీటర్ల ఎత్తు, 1199 ప్రాంతంలో కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెడితే ఇల్‌టుట్‌మిష్ పూర్తి చేశాడు, పిడుగుపాటుకు దెబ్బతిన్నాక ఫిరోజ్ షా తుగ్లక్ పై అంతస్తులు మళ్ళీ కట్టించాడు. లోపలి మెట్ల మీద 1981లో జరిగిన తొక్కిసలాట తర్వాత పైకి ఎక్కనివ్వడం మానేశారు. మినారు గురించి ఇంత తెలిస్తే చాలు. అసలు చూడవలసింది దాని పక్కనున్న మసీదు ఆవరణ. ఇరవై ఏడు గుళ్ళను పడగొట్టి ఆ సామగ్రితో కట్టామని ద్వారం మీది శాసనమే చెబుతుంది. స్తంభాల దగ్గరికి వెళ్ళి చూడండి. గొలుసుకు వేలాడే గంటల చెక్కడం, పూర్ణకుంభాలు, అక్కడక్కడ ముఖం చెక్కేసిన బొమ్మలు.

ఆవరణ మధ్యలో ఇనుప స్తంభం. ఏడు మీటర్లకు పైగా పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు, పదహారు వందల ఏళ్ళ నాటిది. ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటం వల్ల పైన ఒక పలుచని పొర ఏర్పడి తుప్పును ఆపుతోంది. చుట్టూ కంచె కట్టారు, తాకలేరు. కంచె దగ్గరే నిలబడి శాసనం ఉన్న వైపు చూడండి. చంద్ర అనే రాజు కీర్తిని చెప్పే సంస్కృత శ్లోకాలు, గుప్తుల కాలపు బ్రాహ్మీ అక్షరాలు. చంద్రగుప్త విక్రమాదిత్యుడే ఆ చంద్రుడని పండితుల మాట. గుంటూరు వైపు వాళ్ళకు ఈ అక్షరాలు దూరపు చుట్టాలు. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుపేటికల మీద ఉన్నదీ బ్రాహ్మీయే, అవి వీటికన్నా ఆరేడు వందల ఏళ్ళు పాతవి. మన తెలుగు లిపి కూడా ఆ బ్రాహ్మీ నుంచి వచ్చిందే.

దక్షిణపు వైపు అలాయి దర్వాజా. 1311లో అలావుద్దీన్ ఖిల్జీ కట్టించాడు. అంతకు ముందటి ఏడే అతని సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుడి దగ్గర కప్పంగా ఏనుగులు, గుర్రాలు, ధనం తీసుకుని ఢిల్లీ చేరాడు. ఎర్రరాతి మీద తెల్లరాతి అల్లికల ఆ దర్వాజా నిజంగా అందమైనది. ఆ అందాన్నీ చూడాలి, ఆ ఏటి సంగతినీ మరచిపోకూడదు. కాస్త ఉత్తరంగా అలాయి మినార్ మొండెం ఉంది. కుతుబ్ కన్నా రెట్టింపు ఎత్తు కట్టాలని మొదలుపెట్టి మొదటి అంతస్తుతోనే వదిలేశారు.

భోజనం చేసి, మెట్రోలో సెంట్రల్ సెక్రటేరియట్ దాకా వచ్చి వయొలెట్ లైనుకు మారి, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి ఆటోలో హుమాయూన్ సమాధి. మూడున్నర నాలుగు గంటలకు చేరితే మంచిది. 1572 ప్రాంతంలో పూర్తయింది. రూపకర్త మీరక్ మీర్జా గియాస్. తాజ్‌మహల్‌కు అరవై ఏళ్ళు ముందుది. ఎత్తయిన అరుగు, జంట గుమ్మటం, నాలుగు భాగాల తోట అన్నీ ఇక్కడ చూసిన తర్వాత తాజ్‌మహల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. అరుగు మీదికి మెట్లు నిటారుగా ఉంటాయి. పట్టుకుని ఎక్కించండి. 1857లో బహదూర్ షా జఫర్ తలదాచుకుని పట్టుబడింది ఇక్కడే. నిన్న ఎర్రకోటలో విన్న కథ ఇక్కడ పూర్తవుతుంది. అందుకే ఈ వరుస. ముందు ఉన్న ఈసా ఖాన్ సమాధిని కూడా వదలకండి. పక్కనే సుందర్ నర్సరీ తోట. పిల్లలు పరుగెత్తాలంటే అదే చోటు.

నాలుగో రోజు, శనివారం: రాష్ట్రపతి భవన్, నేషనల్ మ్యూజియం

గార్డుల మార్పిడికి చెప్పిన సమయానికన్నా గంట ముందు చేరుకోండి. తనిఖీలకు సమయం పడుతుంది. సంచులు గదిలోనే వదిలి రండి. గుర్రాల మీద రాష్ట్రపతి అంగరక్షక దళం, కాలినడకన సైన్యపు పటాలం, బ్యాండు. పిల్లలకు నాలుగు రోజుల్లో ఎక్కువ నచ్చేది ఇదే.

తర్వాత ప్రధాన భవనం. 340 గదులు, 1912లో మొదలై 1929లో పూర్తయిన కట్టడం. వెంట వచ్చేవాళ్ళు చెప్పిన దారిలోనే నడవాలి కాబట్టి ఎక్కువసేపు నిలబడనివ్వరు. ఇప్పుడు గణతంత్ర మండపం అని పిలిచే పాత దర్బార్ హాలులో మాత్రం నిలబడినంతసేపు కళ్ళు తిప్పకండి. వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి వంటి మనవాళ్ళు ఉన్న ఇల్లు.

భోజనం తర్వాత జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియం. రెండున్నర గంటలు పెట్టుకోండి, రెండు గ్యాలరీలు చూడండి. మొదటిది హరప్పా గ్యాలరీ. అందరికీ పుస్తకాల్లో తెలిసిన మొహెంజొదారో నర్తకి బొమ్మ ఇక్కడే ఉంది. బొమ్మ ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే. అంత చిన్నదని తెలియక చాలామంది దాన్ని దాటుకుని వెళ్ళిపోతారు.

రెండోది నాగార్జునకొండ శిల్పాలు. నాగార్జునసాగర్ నీళ్ళు ముంచెత్తకముందు 1954 నుంచి 1960 దాకా ఆ లోయ అంతా తవ్వారు. ఇక్ష్వాకుల కాలపు స్తూపాలు, విహారాలు బయటపడ్డాయి. అందులో కొన్ని రాళ్ళు ఇక్కడికి వచ్చాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి అది. మాచర్ల వైపు ఇళ్ళలో అరుగులకు, నేలకు పరిచిన రాయి చూసినవాళ్ళు ఆ రంగును ఇట్టే పోల్చుకుంటారు. మా పెద్దత్తయ్య అక్కడ ఒక శిల్పం ముందు ఆగి, బుద్ధుడి చుట్టూ ఉన్న ఆడవాళ్ళ కడియాలు, మొలనూళ్ళు ఒక్కొక్కటిగా చూసి, "ఇది మన రాయేనురా" అంది. మూడు రోజులుగా కాళ్ళు నొప్పులని వెనకబడిన మనిషి ఆ గదిలో గంటసేపు నిలబడింది.

ఇంకో పూట చేతిలో ఉంటే తుగ్లకాబాద్ కోటకు వెళ్ళండి. 1321లో గియాసుద్దీన్ తుగ్లక్ మొదలుపెట్టిన కోట. అతని కొడుకు సైన్యం 1323లో ఓరుగల్లును కూల్చి ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ఆయన నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. కాకతీయుల చివరి రాజు చేరని ఊరు అది. అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ గురించి చాలామంది అడుగుతారు. బాగుంటాయి. కానీ ఈ నాలుగు రోజుల్లో ఏదో ఒకటి తీసేసి వాటిని ఇరికించమని మాత్రం చెప్పను.

తిరిగి వచ్చాక ఒక పని మిగిలి ఉంటుంది. బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ మ్యూజియానికి, ఇప్పటి బాపు మ్యూజియానికి, పిల్లలను ఒక పూట తీసుకువెళ్ళండి. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన భవనం అదే. ఎర్రకోట మీది జెండాను వారం క్రితమే చూసి వచ్చిన పిల్లలకు ఆ పాత రాతి భవనంలో ఏమీ వివరించనక్కరలేదు.